రెండో సెక్షన్ ఆబా సెన్సే

కురొహమా మాధ్యమిక పాఠశాలలో నేను చాలా ఏళ్లు నర్సు టీచరుగా పనిచేశాను. మా దేశంలో టీచర్ని ‘సెన్సే’ అంటారు; అందరికీ నేను హొన్మా సెన్సేని. జ్వరం తగిలిన పిల్లలు, మోకాలు గీరుకున్న పిల్లలు, ఏ జబ్బూ లేకపోయినా క్లాసులో కూర్చోలేక కడుపునొప్పి అంటూ వచ్చే పిల్లలు నా గదిలో పడుకునేవారు. వాళ్లు పడుకున్నంతసేపూ నేను పక్కనే కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకునేదాన్ని. జీవితంలో ఎక్కువ భాగం అలాగే గడిచింది. పుస్తకాల్లో కలిసిన గొప్పవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా ఈ వయసులో ఎవరి గురించైనా నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే, వాళ్లెవరూ కాదు, మా ఆబా క్వాన్సానే గుర్తొస్తుంది.

ఆబాది ఘనా దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న కేప్ కోస్ట్. మా ఊరికి వచ్చినప్పుడు పడుచు పిల్ల. ఇంగ్లీషు టీచరు పక్కన నిలబడి పాఠం బిగ్గరగా చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. అంతకుమించి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. లెక్కల టీచరు ఒకరోజు స్టాఫ్ రూములో నవ్వుతూ, “మనకి కొత్త టేప్ రికార్డరు వచ్చింది” అన్నాడు. అప్పటికి ఆమెకు మా భాష అంతంత మాత్రమే. కానీ ఆ మాట అర్థమైంది.

“టేప్ రికార్డరు కరెంటు పోతే ఆగిపోతుంది సెన్సే. నేను ఆగను, జాగ్రత్త,” అంది.

లెక్కల టీచరు సాయంత్రం దాకా తల ఎత్తలేదు.

ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు నాలుగింటికే ఇంటికి పోవచ్చు. పోతే తప్పులేదని అందరూ చెప్పేవారు కూడా. కానీ ఎవరూ కదలని స్టాఫ్ రూములో “ముందుగా వెళుతున్నాను, క్షమించండి” అని చెప్పి లేవడం ఆమెకు మొదట్నుంచీ ఇష్టం లేదు. టేబుల్ టెన్నిస్ ఆడే పిల్లలతో ఉండిపోయేది. బడి ఊడ్చే వేళ పిల్లలతోపాటు తడిగుడ్డ మీద చేతులు ఆనించి, వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగుపందెం పెట్టేది. పొడుగాటి మనిషి కదా, ఎప్పుడూ ఓడిపోయేది. పిల్లలకి అదే పండగ.

ఆమె మా దగ్గర ఎందుకు ఉండిపోయిందో నాకు తెలుసు. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి గుసగుసగా అడిగింది.

“హొన్మా సెన్సే, హెడ్మాస్టరుగారికి ఏమైనా జబ్బా?”

“ఏం?”

“రోజూ పిల్లలకంటే ముందే అన్నం తింటున్నారు. పాపం అంత ఆకలా?”

“ఆకలి కాదమ్మా. ఆ అన్నం బాగుందో లేదో ముందు ఆయన తిని చూడాలి. ఆయనకి ఏమీ కాకపోతేనే పిల్లలకి వడ్డిస్తారు.”

 “మా ఊళ్లో పెద్దల కథల్లో రాజుగారి కోసం నౌకరు తిని చూస్తాడు. ఇక్కడ పిల్లల కోసం రాజుగారే తిని చూస్తున్నారన్నమాట. అయితే నేను ఈ బడిలోనే ఉంటాను,” అంది.

సరదాకి అందనుకున్నాను. ఆమె టోఫు కొట్టు మీద గది అద్దెకు తీసుకుని, ఆ పరీక్షలూ ఈ పరీక్షలూ రాసి, మా దేశపు టీచర్లకిచ్చే లైసెన్సు సంపాదించింది. అందుకు ఎన్నేళ్లు పట్టిందో చెప్పను గాని, ఆ లోపు మా స్టాఫ్ రూములో ఇద్దరు హెడ్మాస్టర్లు మారారు. మూడో ఆయన ఆమెకు ఒకటో ఏడు రెండో సెక్షన్ ఇచ్చారు. క్లాసు టీచరుగా.

మా దగ్గర క్లాసు టీచరంటే పిల్లలకి రెండో తల్లి కింద లెక్క. ఒకటో ఏడు చేతిలో పెట్టిన పిల్లల్ని, అన్నీ సవ్యంగా ఉంటే, అదే టీచరు మూడో ఏడు దాకా నడిపిస్తుంది. చివర్లో పట్టాలిచ్చే రోజు వేదిక పక్కన నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. పిల్లలు “హై”, అంటే ‘ఉన్నానండీ’, అంటూ లేస్తారు. మూడేళ్ల చాకిరీకి ఫలితం ఆ కాసేపే.

క్లాసు ఇచ్చిన రోజునే అసిస్టెంట్ హెడ్మాస్టరు ఇగరాషి గారు ఆమెను పక్కకు పిలిచారు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తాళాలు తీసేదీ, కుండీలకి నీళ్లు పోసేదీ, అందరూ వెళ్లాక దీపాలు ఆర్పేదీ ఆయనే. నియమాల పుస్తకం ఆయన తలలో ఉండేది.

“క్వాన్సా సెన్సే, విద్యాబోర్డు వాళ్లు భయపడుతూనే ఒప్పుకున్నారు. ఇళ్ల దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందంటే, మూడో ఏడు పిల్లల్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అది హైస్కూలు పరీక్షల ఏడు. జాగ్రత్తగా ఉండండి.”

“ఉంటాను సార్.”

తర్వాత నా గదికి వచ్చి దుప్పట్లు మడత పెట్టడంలో సాయం చేస్తూ అంది: “ఆ పేర్లు నేనే పిలవాలి హొన్మా సెన్సే. ఇంకెవరు పిలిచినా నేను భరించలేను.”

ప్రతి మే నెలలోనూ క్లాసు టీచరు పిల్లల ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడి రావాలి. దానికీ ఇగరాషి గారి నియమాలున్నాయి. టీ ముట్టుకోకూడదు. తినుబండారాలు వద్దు. చెప్పులు విడిచే చోటే నిలబడి నాలుగు మాటలు చెప్పి పక్కింటికి నడవాలి. ఒక ఇంట్లో తిని ఇంకో ఇంట్లో తినకపోతే ఊళ్లో ఏం జరుగుతుందో ఆయనకి బాగా తెలుసు. మొదటి ఏడు ఆబా ఒక్క నియమం కూడా తప్పలేదు. కానీ తిరిగొచ్చాక ముఖం వాడిపోయింది.

“అందరి ఇళ్లకీ వెళ్లాను. ఎవరి ఇంట్లోకీ వెళ్లలేదు,” అంది.

రెండో ఏడు దెబ్బ తగిలింది.

తొగాషి బామ్మ మనవరాలు చిహిరో ఆబా క్లాసులోనే చదివేది. ఆ ఇంటికెళ్లే సరికి భోరున వాన. బామ్మ ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, తువ్వాలు ఇచ్చి, వద్దనేలోగా ఒక పళ్లెం చేతిలో పెట్టింది. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దలో ఊరిన ముల్లంగి ముక్కలు. ఆబా మధ్యాహ్నం అన్నం తినలేదు. ఒక ముక్క తింది. తిని ఊరుకున్నా బాగుండేది. మర్యాద కొద్దీ, “బామ్మగారూ, ఈ ఊళ్లో ఇంత మంచి ఊరగాయ నేనెక్కడా తినలేదు,” అంది.

ఆ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు షోజి వాళ్లది. షోజి బామ్మా తొగాషి బామ్మా ఒకే వసంతంలో ఆ వీధికి కోడళ్లుగా వచ్చినవాళ్లు. ఎవరి మిసో జాడీ వాళ్లది. ఎవరి జాడీ గొప్పదన్న మాట మీద ఇద్దరూ ముసలివాళ్లయిపోయారు. షోజి బామ్మ మనవడు షుహే కూడా రెండో సెక్షనే. ఆబా అక్కణ్ణుంచి ఎదురింటికి వెళ్లి, నియమం ప్రకారం గుమ్మంలోనే నిలబడి, టీ వద్దని చెప్పి వచ్చేసింది.

సాయంకాలానికి తొగాషి బామ్మ చేపల కొట్లో ఆ సంగతి చెప్పేసింది. మర్నాడు పొద్దున స్టాఫ్ రూములో ఫోను మోగింది. ఇగరాషి గారు రిసీవరు చెవికి కాస్త దూరంగా పట్టుకుని, అవతల మనిషికి కనబడకపోయినా నడుం వంచుతూ, “అవునండీ... తప్పేనండీ... అలాగేనండీ...” అంటున్నారు. లోపలి గొంతు మాకందరికీ వినిపిస్తూనే ఉంది.

“దాని ముల్లంగి తిని, నా ఇంట్లో టీ కూడా ముట్టదా? నా ఇల్లంటే అంత లోకువా? బోర్డువాళ్లకి కూడా చెప్పాను!”

ఇగరాషి గారు ఫోను పెట్టేసి, చాలాసేపు దాని మీద చెయ్యి తియ్యలేదు.

అలాంటప్పుడు ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకోవడం మా ఆచారం. అసిస్టెంట్ హెడ్మాస్టరు స్వీట్ల డబ్బా పట్టుకుని ముందు నడవాలి, టీచరు వెనక నడవాలి. షోజి బామ్మకి మా అమ్మ స్నేహితురాలు కాబట్టి ఆయన నన్ను కూడా రమ్మన్నారు. ఆ రోజూ వానే.

తలుపు తీసి బామ్మ మమ్మల్ని చూసింది. “ఈ వానలో ఎందుకొచ్చారు? సరే, అక్కడే నిలబడండి. అరుగు తడుస్తుంది.”

ఇగరాషి గారు నుదురు డబ్బాకి తగిలేంత వంగారు. “పెద్దమ్మగారూ, మా అజాగ్రత్త వల్ల మీ మనసు నొచ్చుకుంది. దీనికంతటికీ బాధ్యత నాదే...”

“ఈ డబ్బా కొట్టు నాకు తెలుసులెండి,” అంది బామ్మ. “షుహే వాళ్ల నాన్న ఆ బడిలో చదివేటప్పుడూ ఈ కొట్టు డబ్బానే తెచ్చారు. లోపల తీపి చిక్కుడు ముద్ద ఎండిపోయి ఉంటుంది.”

ఆయన ఇంకా వంగారు. ఇక ఆబా వంగాలి. ఆమె వంగలేదు.

“బామ్మగారూ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?” అంది.

ఇగరాషి గారి చెవులు ఎర్రబడ్డాయి. “క్వాన్సా సెన్సే!”

“క్షమాపణకొచ్చి నీళ్లడిగేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను,” అంది బామ్మ.

“మా అమ్మ ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లకి ముందు నీళ్లిస్తారండి,” అంది ఆబా. “తాగాకే, ఎందుకొచ్చావని అడుగుతారు. నీళ్లు తాగనివాడు ఇంకా దారిలోనే ఉన్నట్టు లెక్క. దారిలో పోయేవాడు వంద చెబుతాడు, ఎవరు పట్టించుకుంటారు? నేను మీకు చెప్పాల్సింది దారిలో నిలబడి చెప్పే మాట కాదు.”

బామ్మ నావైపు తిరిగింది. “ఏమే, ఈవిడ చెప్పేది నిజమేనా?”

“నాకేం తెలుసు పెద్దమ్మా? నేనేమైనా ఆఫ్రికా వెళ్లొచ్చానా?”

“ఎప్పుడూ పుస్తకంలోనే ఉంటావుగా!”

“అన్నీ పుస్తకాల్లో ఉండవు పెద్దమ్మా.”

బామ్మ గొణుక్కుంటూ లోపలికెళ్లి మూడు గ్లాసులు తెచ్చింది. ఇగరాషి గారు గ్లాసువైపు చూశారు. తల పైకెత్తి గుర్తు తెచ్చుకున్నారు. “నీళ్ల గురించి నియమాల్లో ఏమీ లేదు,” అని తనకి తనే చెప్పుకుని ఒక్క గుక్కలో తాగేశారు.

“సరే, ఇప్పుడు చెప్పు,” అంది బామ్మ. “ఎందుకొచ్చావు?”

ఆబా చెప్పులు విడిచి, అరుగెక్కి, బామ్మకి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

“మీ ఎదురింట్లో ఊరగాయ తిన్నాను. అది బడి నియమానికి తప్పు. దానికి సార్ క్షమాపణ చెప్పారు. కానీ తిని ఊరుకోలేదు. ఊళ్లో ఇంతకంటే మంచిది లేదన్నాను. మీది నోట పెట్టకుండా ఆ మాట అన్నాను. ఆ తప్పు మీకు చేశాను. అది సార్‌ది కాదు, నాది. నన్ను క్షమించండి.”

అప్పుడు వంగింది. నుదురు చెక్కకి తగిలేలా.

బామ్మ లేచి వెళ్లి ఒక పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. మిసో రంగు పట్టిన ముల్లంగి ముక్కలు. ఇగరాషి గారు కళ్లు మూసుకున్నారు.

“తిని, అప్పుడు చెప్పు.”

“తినను బామ్మగారూ.”

“ఏం? దానిది తింటావు, నాది తినవా?”

“తింటే బాగుందనాలి. అంటే సాయంత్రానికి ఎదురింటికి తెలుస్తుంది. రేపు సార్ ఇంకో డబ్బా మోసుకుంటూ ఆ ఇంటికెళ్లాలి.”

బామ్మ పెదవి ఒక పక్కకి కదిలింది. “ఆ కొట్టువాడు మేడ కడతాడు,” అంది. అంతే. క్షమించాననలేదు, లేదనీ అనలేదు. “వెళ్లండి, వాన పెరుగుతోంది,” అని తలుపు వేసుకుంది.

కానీ బోర్డుకి చేరిన మాట చేరిపోయింది. బడి ఏడు ముగిసే మార్చిలో చూద్దాం అన్నారు వాళ్లు. ఆ వేసవంతా, మంచు పడ్డ కాలమంతా ఆబా ఎప్పటిలాగే ఉంది. పిల్లలకి జలుబు చేస్తే ముక్కులు తుడిచింది, నది ఒడ్డున చేమదుంపల పులుసు వండే రోజున పెద్ద కుండ దగ్గర గరిటె పట్టుకుంది. మార్చిలో హెడ్మాస్టరు గారు పిలిచి మెల్లగా చెప్పారు. మూడో ఏడు రెండో సెక్షన్ ఇంకొకరికి ఇవ్వాలని బోర్డు అభిప్రాయం. ఇంకా ఖాయం కాలేదు గాని, మనసు సిద్ధం చేసుకోండి.

ఆబా నా గదికి వచ్చి, ఎవరూ పడుకోని మంచం మీద దుప్పటి విప్పి మళ్లీ మడత పెట్టింది.

“ఏడవాలనుంటే ఏడువు, తలుపు వేస్తాను,” అన్నాను.

“ఇప్పుడు కాదు. ఆరో పీరియడ్ వాళ్లకి క్లాసుంది,” అంది. వెళ్లి పాఠం చెప్పింది.

ఊళ్లో ఇలాంటి సంగతి దాగదు. రెండు రోజులు తిరక్కుండానే షోజి బామ్మ మంచుబూట్లతో నా గది గుమ్మంలో నిలబడింది.

“హెడ్మాస్టరు గది ఎక్కడే? తీసుకెళ్లు.”

తీసుకెళ్లాను. ఆయన గాభరాగా లేచి కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

“ఫిర్యాదు చేసింది నేనే,” అంది. “చేసింది ఊరగాయ మీద. టీచరు మీద కాదు. రెండూ కలిపేసిందెవరు?”

“పెద్దమ్మగారూ, ఒకసారి బోర్డుకి వెళ్లిన మాట...”

“అయితే ఈ మాట కూడా పంపండి. నాకు ముగ్గురు మగపిల్లలు. ముగ్గురూ ఈ బడిలోనే చదివారు. మీవాళ్లు ఎన్నిసార్లు డబ్బాలు పట్టుకుని మా ఇంటికొచ్చారో లెక్కలేదు. అందరూ వచ్చి మా గుమ్మం ముందు చాపకి క్షమాపణ చెప్పి పోయారు. ఈవిడ నాకు చెప్పింది. ఏం తప్పు చేసిందో విడమరిచి, నా మొహం చూసి చెప్పింది. పరీక్షలకి చదివించేవాళ్లు మీ దగ్గర బోలెడుమంది ఉంటారు. తప్పు చేస్తే ఎలా ఒప్పుకోవాలో మా షుహేకి ఎవరు నేర్పుతారు? మీరా?”

హెడ్మాస్టరు గారు మంచి మనిషి. “నాకు చేతకాదేమో,” అన్నారు.

“అదీ మాట,” అని బామ్మ వెళ్లిపోయింది.

కాసేపటికి తొగాషి బామ్మ ఊడిపడింది. ఆవిడ చాలాసేపటి నుంచి గేటు దగ్గరే నిలబడి ఉందట. “దానితో కలిసి లోపలికి రానుగా! వెళ్లేదాకా ఆగాను. అది ఏం చెప్పిందో నాకు తెలీదు. అయినా అదే నా మాట కూడా అని రాసుకోండి,” అంది.

ఆ మధ్యాహ్నం ఇగరాషి గారు కోటు తొడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా బోర్డు ఆఫీసుకి బస్సెక్కారు. బడి వేళలో ఆయన బయటికెళ్లడం నేను అదే చూడటం. అక్కడ ఏం మాట్లాడారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. తిరిగొచ్చాక ఎప్పటిలాగే కుండీలకి నీళ్లు పోసి, ఆబా బల్ల పక్కగా నడుస్తూ ఆగారు.

“మూడో ఏడు పిల్లల తల్లిదండ్రులతో పరీక్షల గురించి చాలా మాట్లాడాల్సి ఉంటుంది. ఏయే హైస్కూళ్లు ఎలాంటివో ఇవాళే చదవడం మొదలుపెట్టండి,” అన్నారు.

ఆబా లేచి నిలబడింది. స్టాఫ్ రూములో ఎవరూ తలెత్తలేదు. లెక్కల టీచరు మాత్రం సొరుగు లాగి, ఊరి నుంచి తెచ్చిన బియ్యపు బిస్కెట్టు ఒకటి ఆమె బల్ల మీద పెట్టి, ఏమీ జరగనట్టు మళ్లీ పేపర్లు దిద్దుకోసాగాడు. ఆ రోజు ఆమె నా గదికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను గాని ఒక్క అక్షరం చదవలేదు.

మూడో ఏడు ఎలా గడిచిందో రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి. పరీక్షలకి ముందు ఆమె కూడా పిల్లలతో సమానంగా చిక్కిపోయింది. షుహే పడవలు నడపడం నేర్పే హైస్కూలుకే పోతానని మొండికేస్తే, వాళ్ల నాన్న వద్దంటే, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించింది. చివరికి పడవల హైస్కూలే.

పట్టాలిచ్చే రోజు గోడల పక్కన ఇంకా మంచు కుప్పలున్నాయి. జిమ్ము చుట్టూ ఎరుపు తెలుపు తెరలు కట్టారు. స్టవ్వులు పెట్టినా చలి కాళ్లలోంచి ఎక్కుతోంది. ఆ రోజు ఆడ క్లాసు టీచర్లు హకామా అనే మా పాతకాలపు పొడుగు లంగా వేసుకుంటారు. ఆమె పొడుగుకి అద్దె కొట్లో ఏదీ సరిపోక, కొట్టు యజమాని భార్య అంచు విప్పి కుట్టి ఇచ్చింది. ఊదా రంగు హకామాలో ఆబా నడిచివస్తుంటే ఈ బడి కట్టినప్పటి నుంచీ ఆమె ఇక్కడే ఉన్నట్టనిపించింది నాకు. ఇగరాషి గారు కార్యక్రమం నడిపిస్తూ ఆమె వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు.

మొదటి సెక్షన్ అయింది. ఆబా మైకు ముందుకొచ్చి, హెడ్మాస్టరుకి వంగి, పేర్ల కాగితం తెరిచింది. తెరిచిందే గాని దాని వైపు చూడలేదు. పిల్లల వైపు చూస్తూ ఒక్కొక్క పేరూ పిలిచింది. తొందరపడలేదు. ప్రతి పేరుకీ ఒక పిల్లో పిల్లాడో “హై” అంటూ లేచి నిలబడుతున్నారు. తల్లిదండ్రుల వరసల్లో ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. అందరి కళ్లూ పిల్లల మీదే. నాకు అంతకంటే గర్వం ఇంకేం కావాలి?

మా ముందు వరసలో కూర్చున్న బోర్డు పెద్దమనిషి, కొత్తగా వచ్చినవాడు, వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు. “ఆ విదేశీ ఆవిడ ఎవరండీ? బాగా పిలుస్తోందే.”

నేను నోరు తెరిచేలోగా నా పక్కనున్న షోజి బామ్మ ముందుకు వంగింది.

“విదేశీ ఎవరండీ? ఆవిడ రెండో సెక్షన్ టీచరు. కాస్త నోరు మూసుకోండి, మావాడి పేరు వస్తోంది.”

ఆయన చటుక్కున ముందుకు తిరిగాడు.

“షోజి షుహే,” అని పిలిచింది ఆబా.

“హై!”